పదహారో కూర

మా పుట్టిల్లు బోధన్. పెళ్లయి నాందేడ్ వచ్చి నలభై ఆరేళ్లు. ఇక్కడి మహాలక్ష్మి పండుగ మా పుట్టింట లేదు. భాద్రపదంలో అక్కచెల్లెళ్లయిన ఇద్దరు దేవతలను ఇంటికి పిలిచి చీరలు కడతారు. రెండో నాడు పదహారు కూరలతో భోజనం పెడతారు. మూడో నాడు సాగనంపుతారు. ఏ యేడు ఎవరింట తిన్నానో ఇప్పటికీ చెప్పగలను. నా లెక్క తప్పదని ఈ వాడలో పేరు.

పోయినేడు ఎదురింటి మరాఠీ వాళ్లు నన్ను ముత్తైదువగా పిలిచారు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని పండుగంతా కొత్త కోడలి మీద పడింది. ఆ పిల్లది ధర్మాబాద్ వైపు, పుట్టింట్లో తెలుగే. మొదటి రోజు సాయంత్రం మెట్ల మీద నన్ను ఆపి, మా కుండీలోని పుంటికూర, అదే గోంగూర, పిడికెడు కావాలన్నది. బజారులో ఎక్కడా దొరకలేదట. పొద్దున్నే తెంపి ఇస్తానన్నాను.

మరునాడు సాయంత్రం హారతి అయ్యాక అందరం పంక్తిలో కూర్చున్నాం. ఆడపడుచులు, అత్తగారి అక్క, ఇంకా చుట్టాలు. నేను విస్తరిలో కూరలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేనే ఉన్నాయి. ఆ మాట అందరికీ అర్థం కావాలని మరాఠీలోనే అన్నాను.

కోడలు పూరణ్ పోళీ మీద నెయ్యి వేస్తూ, నా మొహం చూడకుండా, "వచ్చేయేడు మరిచిపోనవ్వా," అన్నది. అత్తగారి అక్క ఇంకొంచెం చారు పొయ్యమని మాట మార్చింది. తప్పు పట్టుకున్నానన్న తృప్తితో నేను కడుపునిండా తిన్నాను.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటే తలుపు పక్కన కుండీ కనబడింది. పుంటికూర ఒక్క ఆకు తెగకుండా నిలబడి ఉంది. పొద్దున మా ఆయనను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయే తొందరలో మరిచిపోయాను.

ఆ పిల్లకు చుట్టాల్లో మాట పడి ఉంటుందన్నదే నా దిగులు. తెల్లవారగానే ఆకంతా తెంపుకొని పోయి, తప్పు నాదని అత్తగారికి చెప్పాను. ఆమె మంచం మీదనుంచి నవ్వింది. ఇంట్లో అందరికీ ముందే తెలుసట. కోడలు రెండుసార్లు వచ్చి మా తాళం చూసి పోయిందట. మనది కాని చెట్టు, వాళ్లు ఇంట్లో లేనప్పుడు ఎట్లా తెంపుతామన్నదట. నా పేరెత్తవద్దని అందరికీ చెప్పింది కూడా తనేనట.

కోడలు లోపలినుంచి రాగానే అడిగాను, "నిన్ననే నాకెందుకు చెప్పలే పిల్లా?"

"అన్నం ముంగట కూసున్న ముత్తైదువను చిన్నబుచ్చుతరా అవ్వా? దేవమ్మలు నిన్ను గూడ చూస్తున్రు గద."

ఆకు తీసుకొని వలవడానికి కూర్చుంది. సాగనంపే ముందు పెట్టే పెరుగన్నంతో నంజుకొనేందుకు పెడతానన్నది. నేనూ పక్కన కూర్చుని చాట నా వైపు లాక్కున్నాను. దేవతలిద్దరూ ఎదురుగానే ఉన్నారు. అటు తల ఎత్తలేకపోయాను. నిన్నటి పంక్తిలో లెక్క తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.