షంషాద్ ఆపా తలుపులు

ఎండకు కాగిన ఇనుప తలుపుకు ఒక వాసన ఉంటుంది. పాత పెయింటు, దుమ్ము, కొంచెం ఉప్పుగాలి కలిసిన వాసన. మొన్న శుక్రవారం పొద్దున కువైట్‌లో, ఫింటాస్ సముద్రం వైపు వీధిలో నడుస్తుంటే అది ముక్కుకు తగిలింది. ఎదురుగా ఒక ఆకుపచ్చ తలుపు. పైన ఇనుప పూల చట్రం, కింద ఎవరో పిల్లలు సుద్దముక్కతో గీసిన గీతలు. ఫొటో తీద్దామని ఫోను ఎత్తి, ఆగిపోయాను. "ముందు నీడ జూడు నాయనా, తర్వాత తలుపు జూడు" అన్న గొంతు చెవిలో పడింది. ఆ గొంతుగల మనిషి ఇప్పుడు రాయచోటిలో నిక్షేపంగా ఉంది. అశరీరవాణులు లేవని ఊరూరా వాదించినవాణ్ణి నేను. కనుక అది వట్టి జ్ఞాపకమేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

షంషాద్ ఆపాది, అంటే షంషాదక్కది, ఫహాహీల్‌లో మా ఎదురు ఫ్లాటు. ఒక ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. యాభై దాటిన మనిషి. పొడుగ్గా ఉండేది, పెద్దగా నవ్వేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలా" అని ఊరుకునేది. శుక్రవారం పొద్దున ఫహాహీల్ అంతా నిద్రలో ఉన్నప్పుడు ఆమె చెప్పులు వదిలి బూట్లు తొడుక్కుని, చిన్న కెమెరా భుజాన వేసుకుని తలుపులు వెతుక్కుంటూ బయలుదేరేది. కోటలవీ మసీదులవీ కాదు, మనుషులు కాపురముండే ఇళ్ల తలుపులు. ఎందుకని అడిగాను ఒకసారి. "గోడ ఎవరైనా కడతారు నాయనా. తలుపు మాత్రం ఇంటోళ్లు ఇష్టపడి పెట్టుకుంటారు" అంది. ఆమెకు ఒక నియమం ఉంది. తెరిచి ఉన్న తలుపును ఫొటో తీయదు. మూసి ఉన్నదాన్ని కూడా అడగకుండా తీయదు. బెల్లు కొట్టి, ఎవరొస్తే వాళ్లకు సలాం చెప్పి, రాయచోటి యాసలో అరబ్బీ మాట్లాడేది. "బాబ్ హిలూ! సూరా?" తలుపు బాగుంది, ఫొటో తీసుకోనా అని. కొందరు నవ్వి సరేననేవాళ్లు. కొందరు వద్దనేవాళ్లు. వద్దంటే ఆమె అంతే మర్యాదగా మళ్లీ సలాం చెప్పి, పక్క ఇంటికి నడిచేది.

నేను ప్రొద్దుటూరు లైబ్రరీ వరండాలో వాదనలు వింటూ పెరిగినవాణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమేమీ లేదని మైకు పట్టుకుని చెప్పిన జట్టులో నేనూ ఉన్నాను. కువైట్‌కు వచ్చి ఆయిల్ కాంట్రాక్టర్ దగ్గర సేఫ్టీ ఉద్యోగంలో చేరాక మైకు పోయింది గానీ నోరు పోలేదు. ఆపాతో మొదటిసారి నడకకు వెళ్లిన రోజు ఫింటాస్‌లో ఒక గేటుకు చేటంత నీలం కన్ను పూస వేలాడుతోంది. దిష్టి పూస. నేను ఆగి ఉపన్యాసం మొదలుపెట్టాను. మనిషి భయాన్ని పూసగా గుచ్చి అమ్ముకునేవాళ్ల గురించి, ఆ భయం మీద నిలబడిన పెత్తనాల గురించి. ఆపా ఓపిగ్గా అంతా విని, "సరే, ఈ ఇంట్లో ఎట్లాటోళ్లుంటారో జెప్పు" అంది. "చెప్పేదేముంది? అన్నిటికీ జడిసే ముసలాయన. నవ్వు మొహం కూడా ఉండదు" అన్నాను. ఆమె బెల్లు కొట్టింది.

తలుపు తీసినాయన ముసలాయనే. నా జోస్యంలో అదొక్కటే నిజమైంది. నవ్వు ఆపుకోలేని మనిషి. నీటి శుద్ధి ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడట. ఆ పూస మనవరాలు రంగు బాగుందని కొనుక్కొచ్చి కట్టిందట. తీస్తే ఏడుస్తుందని ఉంచాడు. గేటు పక్కనే కుర్చీలు వేయించి, టీ తెప్పించి, మూఢనమ్మకాల మీద ఇంగ్లీషులో దంచడం మొదలుపెట్టాడు. నాకు ఒక్క వాక్యం దూర్చే సందు ఇవ్వలేదు. తిరిగి బస్సులో వస్తుంటే ఆపా కిటికీ వైపు తిరిగి నవ్వుతూనే ఉంది. "తలుపును జూసి మనిషి జాతకం జెప్పినావే! నీకూ ఆ వాస్తు సిద్ధాంతికీ తేడా ఏంది నాయనా?" వేదికల మీద ఎంతోమందిని నోరెత్తనీయని నాకు ఆ బస్సులో మొదటిసారి నోరు పెగల్లేదు. అయినా చిత్రంగా కోపం రాలేదు. పై శుక్రవారం నేనే వెళ్లి ఆమె తలుపు తట్టాను.

ఆ తర్వాత చలికాలంలో నా భార్య ప్రసన్న వచ్చింది. కొత్త కాపురం. వచ్చిన నాలుగో రోజే వాళ్లమ్మ ప్రొద్దుటూరు నుంచి ఒక సిద్ధాంతిని వీడియో కాల్‌లోకి లాగింది. "గడపలో నిలబడి ఫోన్‌లో దిక్సూచి చూపించమ్మా" అన్నాడాయన. ప్రసన్న చూపించింది. మా ఫ్లాటు తలుపు నికరంగా దక్షిణం చూస్తోంది. ఆయన ఆ తలుపు వాడొద్దనీ, వంటింటి పక్కనున్న చిన్న తలుపులోంచి రాకపోకలు పెట్టుకోమనీ సెలవిచ్చాడు. ఆ చిన్న తలుపు పనిమనుషుల కోసం పెట్టింది. చెత్త సంచులు దించే ఇరుకు మెట్ల మీదికి తెరుచుకుంటుంది. మా పక్కింటి పనమ్మాయి నన్ను ఆ మెట్ల మీద టై కట్టుకుని దిగుతుండగా చూసి, "ఏం సారూ, మామా ఉద్యోగం ఊడబీకిందా?" అని అడిగింది. ఇక్కడి పనివాళ్లకు మామా అంటే ఇంటి యజమానురాలు.

ఆ మెట్ల మీదే ప్రసన్న కాలు మెలికపడింది. ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏ హేతువాదికైనా దొరుకుతుందా? దోషం పోవడానికి చెప్పిన పరిహారమే కాలు విరగ్గొట్టబోయింది! నేను చెలరేగిపోయాను. భూగోళం గుండ్రంగా ఉందన్నాను. దిక్కులకు మన అడ్రసు తెలియదన్నాను. దక్షిణాఫ్రికాలో మనుషులు బతకట్లేదా అన్నాను. ఇప్పటికీ ఆ వాదనలో నేను ఒక్క మాట వెనక్కి తీసుకోను. అందులో తప్పు లేదు. ప్రసన్న కాలికి కట్టు కట్టుకుంటూ అంతా వింది. "నువ్వు జెప్పేదంతా నిజమే కావచ్చు. నాకు మాత్రం ఈ ఇంట్లో బయమేస్తాండాది. నేను ఊరికి పోతా" అంది. అప్పటికే వాళ్లన్నయ్యతో టికెట్ చేయించుకుంది. పది రోజుల్లో ప్రయాణం. వాదనలో గెలిచాను, ఇల్లు ఖాళీ కాబోతోంది. ఒకసారి వెళ్తే మళ్లీ రాదని ఆమె సూట్‌కేసు సర్దుతున్న తీరులోనే తెలుస్తోంది. చలి బట్టలతో పాటు పెళ్లి ఫొటో కూడా పెట్టుకుంది.

సంగతి ఆపాకు చెప్పాను. ఆమె నాకేమీ సలహా ఇవ్వలేదు. నేరుగా లోపలికొచ్చి, "అమ్మీ, పోయేదానివి పోతావు. కువైట్‌లో ఒక్క తలుపైనా జూడకుండా పోతావా? పా, మెల్లగా నడుద్దాం" అంది. నన్ను వెంట రానిచ్చింది గానీ నోరు తెరవకూడదని షరతు పెట్టింది. ముగ్గురం కువైట్ సిటీలోని షర్క్ వెళ్లాం. చేపల మార్కెట్ దాటి ముందుకెళ్తే ఆఫీసు మేడల మధ్య అక్కడక్కడా పాతకాలపు ఇళ్లు మిగిలి ఉన్నాయి. ఒక ఇంటికి ఏనుగు పట్టేంత చెక్క తలుపు, అందులోనే వంగి దూరాల్సినంత చిన్న తలుపు. ప్రసన్న కుంటుతూనే దాని చుట్టూ తిరిగింది. "ఇంత పెద్ద తలుపు పెట్టుకుని మళ్లా వంగేదెందుకాపా?" "పెద్దది ఒంటెకు, చిన్నది మొగుడికి" అంది ఆపా. ప్రసన్న పకపకా నవ్వింది. మా ఇంటికి కాపురానికి వచ్చాక ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు. ఆపా కెమెరా ఆమె చేతికిచ్చింది. ప్రసన్న ఆ పొద్దున కనిపించిన తలుపునల్లా అడిగి అడిగి తీసింది. రెండు మూడిళ్లలో ఖర్జూరాలు కూడా సంపాదించింది.

ఇంటికొచ్చాక ఆపా ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో పెట్టి, వాటిల్లో బాగున్నవి ఏరమంది. ప్రసన్న ఏరింది. ఎండ వాలిన చెక్క నగిషీలు, పూల చట్రం నీడ నేలమీద ముగ్గులా పడినవి. ఆపా అన్నీ చూసి, మెల్లగా అంది. "చలికాలంలో ఇక్కడ సూర్యుడు పొద్దస్తమానం దక్షిణం పక్కనే వంగి నడుస్తాడమ్మీ. నువ్వు ఏరినవన్నీ దక్షిణం తలుపులే." నేను కుర్చీలో ఎగిరి పడ్డాను. ఆపా వేలెత్తి షరతు గుర్తుచేసింది. మళ్లీ కూర్చున్నాను. ప్రసన్న ఆ ఫొటోలను చాలాసేపు చూసింది. "ఫొటోకు బాగుంటాదిలే ఆపా. కాపురానికి కాదు. అయినా మన తలుపుకు పడేది ట్యూబులైటే గదా" అంది. అంతే. సైన్సు అక్కడ ఆగిపోయింది. టికెట్ అట్లాగే ఉంది.

ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా పొద్దున తలుపు తెరిస్తే వసారా నిండా అట్టపెట్టెలు. ఆపా నడుముకు చున్నీ బిగించి తన గిన్నెల సంచి ఈడ్చుకొస్తోంది. వెనకాల బిల్డింగ్ కాపలాదారు, ఈజిప్టు ఆయన, మంచం చట్రం మోస్తూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

"ఏందాపా ఇది?" అని ప్రసన్న పరుగెత్తుకొచ్చింది, ఆ కాలితోనే.

"ఏముందమ్మీ, నీ ఇల్లు నాకు, నా ఇల్లు నీకు. నాది ఉత్తరం తలుపు. ఓనరు సరేనన్నాడు. సాయంత్రానికి ఖలాస్."

"నీకా ఇల్లు వద్దాపా!"

"ఎందుకొద్దు?"

"అది... దాంట్లో దోషముండాది గదా. నీకేమన్నా అయితే?"

"అయితే అవుతాది. ముసిల్దాన్ని."

ప్రసన్న గడపకు అడ్డంగా నిలబడింది. ఒక చేత్తో ఇటు, ఒక చేత్తో అటు ద్వారబంధం పట్టుకుంది. కళ్లలో నీళ్లు, గొంతులో కోపం. "నాకు చెడ్డదని నీకు అంటగట్టి నేను యాడ నిద్రపోయేది? నేను రానీయను. ఈ ఇంట్లో నేనే ఉంటా. ఏమైతే నాకే కానీ." ఆపా సంచి కింద పెట్టి, "నికరమేనా?" అని అడిగింది. "నికరమే. ముందు ఆ గిన్నెలు లోపల పెట్టుకో పో." కాపలాదారుకు తెలుగు ముక్క రాదు. కానీ మంచాన్ని వెనక్కి మోయాలని మాత్రం అర్థమైంది. నిట్టూర్చి తిరిగాడు.

అప్పుడు నాలోని వక్త మేల్కొన్నాడు. "చూశావా, నీకు నిజంగా నమ్మకం ఉంటే..." అని ఏదో మొదలుపెట్టాను. ఆపా ఒక్క చూపు చూసింది. "నోరు మూస్కో నాయనా. ఆయమ్మి ఉంటాననింది గదా, ఇంకేం గావాల నీకు? సర్టిఫికెట్టా?"

అది ఎత్తుగడా అని తర్వాత అడిగాను. ఆపా నొచ్చుకుంది. నిజంగానే మారదామనుకుందట. "నాకు తలుపు యాడుంటే ఏం? ఆ పిల్లకు బయం. బయంగా ఉన్నోళ్లతో వాదిస్తారా, బరువు మోస్తారా?" ఈ మాట మీద నేను ఎన్నో రోజులు నాతో నేను పోట్లాడాను. వాదించాలి అనే ఇప్పటికీ అంటాను. వాదించకపోతే సిద్ధాంతులే మిగులుతారు. కానీ వాదించేవాడు అవతలి మనిషి బరువులో కొంత మోయడానికి సిద్ధపడాలి. నా జట్టులో మేమంతా నిప్పుల మీద నడిచాం గానీ, భయపడినవాళ్ల ఇంట్లోకి మంచం మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

ప్రసన్న వంటింటి తలుపుకు తాళం వేసింది. దక్షిణం తలుపు మీద వాళ్లమ్మ పంపిన పటం ఒకటి తగిలించింది. నేను ఏమీ అనలేదు. అది నా జీవితంలో కష్టమైన మౌనాల్లో ఒకటి. ప్రతి శుక్రవారం ఆపాతో తలుపులకు వెళ్లడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పటం మీద దుమ్ము చేరింది. తుడవడానికి తీసినప్పుడు, ఆ మేకుకు తను తీసిన షర్క్ తలుపు ఫొటో తగిలించింది. పటం ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఆపా రిటైరై రాయచోటికి వెళ్లిపోయే రోజు విమానాశ్రయంలో మా ముగ్గురికంటే కాపలాదారే ఎక్కువ ఏడ్చాడు. ఆమె ఫ్లాటు ఖాళీ అయింది. ఉత్తరం తలుపు, అదే అద్దె. ఓనరు మమ్మల్నే ముందు అడిగాడు. నేను ప్రసన్న వైపు చూశాను. ఆమె వెళ్లి గదులన్నీ తిరిగి చూసి వచ్చింది. పెదవి విరిచింది.

"వద్దులే. దాంట్లో వంటిల్లు చిన్నది."

ఎన్ని సభల్లో ఎన్ని చప్పట్లు విన్నానో, ఈ మాట విన్నంత సంతోషం వాటిలో దేనికీ కలగలేదు. వెంటనే ఆపాకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె నవ్వి, "నిజమే అబ్బయ్యా. దాంట్లో ఇద్దరు తిరగలేరు. నేనొక్కదాన్నే ఇన్నాళ్లు మోచేతులు కొట్టుకున్యా" అంది.

మొన్న ఫింటాస్‌లో ఆ ఆకుపచ్చ తలుపు ముందు నీడ చూశాను. పూల చట్రం నీడ సుద్ద గీతల మీద పడుతోంది, మంచి సమయం. లోపల భయస్తులుంటారో, భక్తులుంటారో, నా లాంటి వాచాలురుంటారో ఊహించబోయి మానుకున్నాను. ఫోను జేబులో పెట్టి బెల్లు కొట్టాను. లోపల చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది. నా పక్కన ప్రసన్న అప్పటికే గొంతు సవరించుకుంటోంది, "బాబ్ హిలూ" అనడానికి, అచ్చం రాయచోటి యాసలో.