కిటికీ గట్టు మీది పండు

కాలం కాయను పండించి, పండును రాల్చి, ఎవరి కోసమూ ఆగక సాగిపోతూ ఉండగా, పండ్ల గిడ్డంగిలో యౌవనమంతా గడిపిన ఈ పెద్దమనిషి మాత్రం తన వంతును ఎప్పుడూ రేపటికే వాయిదా వేస్తూ వచ్చాడు. ఏ పండు ఏ పూటకు తినాలో బొటనవేలితో తాకి చెప్పగలడు. తండ్రి త్వరగా పోవడంతో, తమ్ముళ్లకూ చెల్లెలికీ వడ్డించి "నాకు తర్వాత" అనడం చిన్ననాడే అలవాటైంది. చూసినవారు నిగ్రహమన్నారు, నిజానికి ఇంటి పరిస్థితే అతనిని అలా మలిచింది. తోబుట్టువులు ఎవరి ఇళ్లకు వారు వెళ్లాక ఒంటిగదీ, ఆ మాటా మిగిలాయి. ఇంటికి తెచ్చుకున్న మంచి పండు కిటికీ గట్టున మెత్తబడి, చివరికి చెత్తబుట్టకు చేరేది.

ఒక ఆదివారం చూడవచ్చిన చెల్లెలు గట్టు మీది పండును చేతిలోకి తీసుకుంది.

"ఏంటన్నయ్యా, దీనికి ముహూర్తం పెట్టించాలా?"

"రేపు తింటాలే."

"రేపటికి ఈగలు తింటాయి. నీకంటే ముందు తినాల్సినవాళ్లు ఇప్పుడీ ఇంట్లో ఎవరున్నారు చెప్పు?"

అతడు పండు కోసి, అలవాటుగా పెద్ద ముక్క ఆమెకు అందించాడు. ఆమె దానిని అతని నోటికే అందించింది.

"తియ్యగా ఉందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

చిన్న ముక్కనూ అతనికే వదిలి, సాయంత్రం ఆమె వెళ్లిపోయింది. రేపటికని దానిపై మూత పెట్టాడు. కాసేపటికి తానే మూత తీసి, ఒంటరిగా కూర్చుని తిన్నాడు.

ఆ గదిలో ఏ పండూ వేళ దాటి వాడకుండుగాక! తోబుట్టువుల అడుగుల సవ్వడి ఆ గుమ్మానికి కరువు కాకుండుగాక! భగవంతుడు అతనిని చల్లగా చూచుగాక!