ఎల్లయ్య పాటలో టిక్కుమన్న చప్పుళ్లు

1999 వేసవి. మాదాపూర్ గుట్టల నడుమ కంప్యూటర్ కంపెనీల కోసం గుండ్రటి పెద్ద భవనం లేచి ఇంకా ఏడాది నిండలేదు. దాని చుట్టూ రోజూ ఎక్కడో ఒకచోట బండలు పగులుతూనే ఉండేవి. నేను చందానగర్‌లో, ముంబై హైవే పక్కన ఒక కంప్యూటర్ షాపులో హార్డ్‌వేర్ ఇంజినీరుగా పనిచేసేదాన్ని. మాది హఫీజ్‌పేట. పాలిటెక్నిక్ అయిపోగానే చేరాను. ఓనరు ప్రసాద్ గారిది కాకినాడ.

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు నుంచి రిపేరుకు వచ్చే ఏ కంప్యూటర్ మూత తీసినా లోపల సన్నటి తెల్లని దుమ్ము ఉండేది. బ్రష్‌తో దులిపితే కిటికీ ఎండలో అది చాలాసేపు కిందకు దిగకుండా తేలుతూ మినుకుమినుకుమనేది. కొండ రాయే పొడిగా మారి మా బల్ల మీదికి వస్తున్నదని తెలిసి కూడా, ఆ మధ్యాహ్నాల్లో నేను దాన్ని చూస్తూ పని మరిచిపోయేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం పద్మ వచ్చింది. దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి తెల్ల చీరలోనే వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి పాత చేతిరుమాలు తీసి, మడతలు విప్పింది. లోపల బంగారు రంగు సీడీ ఒకటి.

"అక్కా, ఇది ఆగి ఆగి వస్తుంది. దీన్ని ఇంకోదాంట్ల ఎక్కియ్యాలె. మా దగ్గర ఇదొక్కటే ఉంది."

"ఏముంది ఇందులో?"

"మా నాయిన పాటలు."

వాళ్ల నాన్న ఎల్లయ్య బండలు కొట్టే మేస్త్రి. ముప్పై ఏళ్లు ఆ గుట్టల్లోనే పనిచేశాడు. రెండేళ్ల క్రితం అక్కడ పనిచేసే ఇంజినీరు ఒకాయన, ఎల్లయ్య బండ మీద కూర్చుని పాడుతుంటే మైకు పెట్టి రికార్డు చేసి, ఈ సీడీ ఇచ్చి, తర్వాత బదిలీ అయి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎల్లయ్య ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పాట అసలే లేదు.

"రోజు సాయంత్రం ఇది పెట్టుకుంటడు. ఇది ఇంటుంటే ఊపిరి జర నిమ్మళంగ తీస్తడు. ఎందుకో నాకు గూడ తెల్వదు," అంది పద్మ.

సీడీని వెలుతురుకు పట్టి చూశాను. కింది వైపు గీతలున్నాయి. పైవైపు ఎవరో బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాశారు, అంచు దగ్గర బంగారు పూత పెచ్చులా లేచింది. కింది గీతలను కొంతవరకు దాటవచ్చు. పై పూత పోతే పాట పోయినట్టే, ఎందుకంటే పాట ఉండేది ఆ పూతకు ఆనుకునే.

సీడీలోని పాటను కంప్యూటర్ ఫైలుగా తీసుకోవడాన్ని రిప్పింగ్ అంటాం. వినడానికి సులువుగా ఉంటుంది, కానీ పాటల సీడీకీ ఫైళ్ల సీడీకీ ఒక తేడా ఉంది. ఫైళ్ల సీడీలో ప్రతి ముక్కకూ కచ్చితమైన చిరునామా ఉంటుంది. పాటల సీడీలో అంత కచ్చితంగా ఉండదు. డ్రైవ్ ఒక ముక్క చదివి ఆగి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వెంట్రుకవాసి అటో ఇటో పడుతుంది. ఆ అతుకు దగ్గర టిక్కుమని వినిపిస్తుంది. దాన్ని జిట్టర్ అంటారు.

నేను ఆ రోజు ఇదంతా ఆలోచించలేదు. షాపులో కొత్తగా వచ్చిన నలభై ఎనిమిది స్పీడు డ్రైవ్‌లో సీడీ వేశాను. చిన్న విమానంలా రొద చేస్తూ నిమిషాల్లో మొత్తం చదివేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

గొంతు లోతుగా, కొంచెం గరుగ్గా ఉంది. ఎక్కడా తొందర లేదు.

"ఎండ మీదికొచ్చె, నీడ కిందికి వాయె, కొండ కడుపుల సల్ల నీళ్లున్నయో..."

ఆ గొంతు వెనక అంతటా టిక్, టిక్, టిక్. ఒకచోట గుంపుగా, ఒకచోట విడివిడిగా. జిట్టరే అనుకున్నాను. సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి చప్పుళ్లను వెతికి తుడిచేసే ఫిల్టర్ ఉంటుంది. అది పెట్టాను. మిగిలినవాటిని ఒక్కొక్కటే నా చేత్తో తీశాను. సాయంత్రానికి పాట కడిగిన పళ్లెంలా వచ్చింది. ప్రసాద్ గారు కూడా విని, "చాలా బాగా చేశావమ్మా, రేడియో వాళ్లు కూడా ఇలా తీయలేరు," అన్నారు. కొత్త సీడీలోకి ఎక్కించి, హార్డ్ డిస్కులో జాగా చాలక మొదట చదివిన ఫైళ్లన్నీ తీసేశాను.

మూడో రోజు పద్మ మళ్లీ వచ్చింది. మొహమాటపడుతూ నిలబడింది.

"పాట ఎక్కడా ఆగుతలేదక్కా, మంచిగొచ్చింది. కానీ మా నాయిన ఇంటలేడు. జరసేపు ఇని బంద్ చెయ్యమంటడు. ఏందని అడిగితే చెప్తలేడు. నువ్వొకసారి వస్తవా?"

షాపు కట్టేశాక కొత్తగూడ వైపున్న వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వెనక వైపు సగం తొలిచిన గుట్ట ఒకటి సాయంకాలపు ఎండలో గులాబీ రంగులో నిలబడి ఉంది. ఎల్లయ్య నులక మంచం మీద గోడకు ఒరిగి కూర్చున్నాడు. పెద్ద భుజాలు, వాటి కింద ఎగసిపడుతున్న ఛాతీ. పద్మ చిన్న సీడీ ప్లేయర్‌లో నా సీడీ పెట్టింది. పాట మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు.

"పాట... మంచిగుంది బిడ్డా," అన్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. "మావోళ్లేరి?"

నాకు అర్థం కాలేదు. పక్కన మనుషుల మాటలేవో రికార్డై ఉంటాయనుకున్నాను. "మాటలేం లేవు పెద్దయ్యా, నేను తీసేయలేదు," అన్నాను.

"మాటలు గాదు. నేను రాతిగుండు మీద కూసుంటి. కింద ఏడుగురు... ఉలి పట్టి బండకు పొక్కలు కొడుతుండిరి. టిక్కు టిక్కుమని. ఎవనిది వానిదే." మళ్లీ ఆగాడు. "అవి లేకుంటే... గుట్ట మీద నేనొక్కన్నే ఉన్నట్టుంది. భయమైతుంది."

ఒక పూటంతా కూర్చుని నేను తుడిచేసింది ఏడుగురు మనుషులను.

"తప్పు నాదే పెద్దయ్యా. మళ్లీ చేసి తెస్తాను," అన్నాను. ఆయన నా చేయి తట్టాడు. రుమాలులోని అసలు సీడీని పద్మ రెండోసారి నా చేతిలో పెట్టింది. మొదటిసారి కన్నా అది చాలా బరువనిపించింది.

ఈసారి దాన్ని వెంటనే ఏ డ్రైవ్‌లోనూ పెట్టలేదు. ముందు డ్రైవ్‌లకు పరీక్ష పెట్టాను. గీతలేమీ లేని కొత్త పాటల సీడీ ఒకటి తీసుకుని, ఒక్కో డ్రైవ్‌లో ఒకే పాటను రెండుసార్లు చదివించి, ఆ రెండు ఫైళ్లూ చివరి అక్షరం దాకా ఒకటేనా అని పోల్చాను. నలభై ఎనిమిది స్పీడుది తప్పింది. ఇంకో రెండూ తప్పాయి. చివరికి స్టోరు గదిలో, ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత స్కజీ డ్రైవ్ దొరికింది. అది సర్వర్లలో వాడే రకం, దానికి వేరే కార్డు బిగించాలి. వేగం నాలుగు స్పీడు మాత్రమే. రెండుసార్లు చదివించాను, నాలుగుసార్లు చదివించాను. ఫైళ్లన్నీ ఒకటే వచ్చాయి.

"ఈ ముసలిదానితోనా అమ్మా? రోజంతా పడుతుందండి బాబూ," అన్నారు ప్రసాద్ గారు.

"పట్టనీయండి సార్," అన్నాను.

సాఫ్ట్‌వేర్ కూడా మార్చాను. మామూలువి ఒక్కసారి చదివి, దొరికిందే పాట అనుకుంటాయి. నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టిన ఒక చిన్న ప్రోగ్రాం అలా కాదు. ప్రతి ముక్కనూ కనీసం రెండుసార్లు చదివి పోలుస్తుంది, కలవకపోతే కలిసేదాకా మళ్లీ మళ్లీ చదువుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని డ్రైవ్‌లు ఒకసారి చదివింది తమ మెమరీలో దాచుకుని, మళ్లీ అడిగితే సీడీ వైపు చూడకుండా దాన్నే అప్పజెబుతాయి. అలాంటి డ్రైవ్‌తో ఎన్నిసార్లు పోల్చినా ప్రయోజనం లేదు. ఆ ప్రోగ్రాంలో దీన్ని కనిపెట్టే పరీక్ష కూడా ఉంది. ముసలి డ్రైవ్ అందులోనూ నెగ్గింది.

పొద్దున్నే సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి లోపల పెట్టాను. డ్రైవ్ చప్పుడే లేకుండా తిరగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. తెర మీద పచ్చని గీత చీమలా జరుగుతోంది. ఒక్కోచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివి, ముందుకు కదులుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. బయట లారీలు పోతున్న హోరు దూరంగా ఎక్కడో ఏరు పారినట్టు ఉంది.

అప్పుడు నాకు విషయం తేటపడింది. డ్రైవ్ చేసే తప్పు చదివిన ప్రతిసారీ చోటు మారుతుంది. సుత్తి దెబ్బ చోటు మారదు. ఇలా చదివాక కూడా మిగిలిన ప్రతి టిక్కూ రాతి మీద నిజంగా పడిందే.

చివరి పాటలో, పూత లేచిన చోట, నాలుగైదు సెకన్ల పాట ఎన్నిసార్లు చదివినా కలవలేదు. దాన్ని అలాగే ఉంచి, పద్మకు ఆ మాట చెప్పి, కొత్త సీడీ ఇచ్చాను.

తర్వాతి ఆదివారం షాపు ముందు ఆటో ఆగింది. పద్మ, ఎల్లయ్య, వెంట ఆ ఏడుగురిలో నలుగురు దిగారు. పంచెలు, అరిగిన చేతులు. ఎల్లయ్యను కుర్చీలో కూర్చోబెట్టాం. "నాయిన మళ్ల రోజు ఇంటుండు. వీళ్లు గూడ ఇంటరంట అక్కా. మా ఇంట్ల డబ్బాల సన్నగ ఇనొస్తుంది," అంది పద్మ. షాపులో ఉన్న పెద్ద స్పీకర్లు పెట్టాను.

పాట మొదలైంది. దాని వెనక టిక్, టిక్. నలుగురూ మెడలు ముందుకు చాచి విన్నారు.

"గిది నాది," అన్నాడు ఒకాయన మెల్లగా. "రెండు కొట్టి ఒకటి ఆపుతా నేను."

"గదిగో, గా మెత్తగ పడేది నాది. నా ఉలి మొండిది అప్పుడు."

ఒక్కొక్కరూ దెబ్బకు తగ్గట్టు చేయి ఆడిస్తూ తమది తాము పట్టుకున్నారు. నేను ఆ రోజు పురుగుల్లా ఏరిపారేసినవి అవే. రెండో పాట సగంలో నలుగురూ ఒకేసారి చేతులు కదపడం ఆపేశారు. దూరంగా, మిగతా వాటి కన్నా ఆలస్యంగా, ఒక దెబ్బ వినిపిస్తోంది.

"సాయిలుది," అన్నాడు ఎల్లయ్య.

"సాయిలు ఎవరు పెద్దయ్యా?"

"ఎడమ చేత్తో కొడుతుండె. పోయినేడు... బండ జారి కింద వడి పోయిండు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "వాని ఫొటో గూడ లేదు బిడ్డా."

పాటలు అయ్యాక నలుగురికీ తలా ఒక సీడీ చేసి ఇచ్చాను. ఇంకొకటి సాయిలు భార్యకని పద్మ అడిగి తీసుకుంది.

ఆ తర్వాత ఇన్నేళ్ల పనిలో ఎన్నో డ్రైవ్‌లు మార్చాను, ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకున్నాను. నిన్న కొన్న పరికరం ఇవాళ పాతదవుతూనే ఉంది. కానీ ఎవరు ఏ రికార్డింగ్ తెచ్చినా నేను ముందు వాళ్లను కూర్చోబెట్టి, అందులో ఎవరెవరున్నారో చెప్పించుకుంటాను. చెప్పేదాకా ఒక్క చప్పుడు కూడా తీయను.