మూడో సిలిండరు

నిన్న సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఆటోలో వస్తుంటే సిగ్నల్ దగ్గర పక్కనే ఒక కారు ఆగింది. ఆగిందన్న మాటేగాని కుదురుగా లేదు, చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. నడుపుతున్న అమ్మాయి ముఖంలో కంగారు. పక్క సీట్లో మగమనిషి ఏదో అంటున్నాడు. మాటలు వినిపించలేదు. నాకు వినాల్సిన అవసరమూ లేదు.

నేను నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. అప్పట్లో మహారాష్ట్రలో రాజురా అవతల ఒక పల్లెలో మరాఠీ బడి టీచరుని. చంద్రపూర్ నుంచి విసాపూర్, బల్లార్‌పూర్ మీదుగా రోజూ బస్సు, అదీ ఎక్కువసార్లు నిలబడే. మా ఆయన గని బస్సులో డ్యూటీకి వెళ్లేవాడు కనుక మా పాత పెట్రోలు కారు వాకిట్లో కవరు కప్పుకుని విశ్రాంతి తీసుకునేది. నాకు నేర్పిన మరాఠీ మాస్టరు మొదట్లో "తాయీ, బ్రేక్! బ్రేక్!" అంటూ తనకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాడు. పోనుపోను పక్క సీట్లో కునుకు తీయడం మొదలుపెట్టాడు. అంతకుమించిన సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు. పొద్దున్నే వర్ధా నది వంతెన మీద అద్దం దించుకుని వెళ్తుంటే తడిగాలి ముఖానికి కొట్టేది. ఆ కాసేపు నేను ఎవరి కోడలినీ కాను, ఎవరి భార్యనూ కాను.

ఒక వేసవిలో బండి కుదుపులు మొదలుపెట్టింది. పరుగులో ఉంటే ఫరవాలేదు, ఆగితే చాలు ఒళ్లంతా అదురు. ఒకరోజు బల్లార్‌పూర్‌లో నడిరోడ్డు మీద ఆగిపోయింది, వెనక బస్సుల హారన్లు. ఇంటికొచ్చి చెప్పాను. మా మామగారు గనిలో డంపరు నడిపి రిటైరైన మనిషి. చక్రాలున్న దేనిమీదైనా ఇంట్లో ఆయనదే తీర్పు. బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు. "క్లచ్ మీదికెల్లి కాలు తీస్తలేదు. గట్ల నడిపితే ఇంజన్ ఉంటదా? ఆడోళ్లకు బండెందుకురా?"

మా ఆయన మెకానిక్ దగ్గరికి బయలుదేరితే నేనూ వస్తానని పట్టుబట్టాను. మెకానిక్ మా తెలుగతనే. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండరు మీద నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కున్న వైరు పీకుతూ, మళ్లీ పెడుతూ చెవి పెట్టి విన్నాడు. రెండు చోట్ల పీకగానే ఇంజన్ ఆగినంత పనయింది. మూడో చోట ఏ మార్పూ లేదు.

"సూడక్కా, గిది పీకినా సప్పుడు మారుతలేదు. అంటే గీ సిలిండరు ముందునుంచే మండుతలేదు" అన్నాడు. ఆ కాయిల్ తీసి పక్కదాని చోట పెట్టాడు. చచ్చుదనం కూడా దానితోపాటే పక్క సిలిండరుకు పోయింది. కొత్త కాయిల్ వేయగానే బండి నిమ్మళించింది.

"నడిపే తీరుతోని పోతదా ఇది?" అని మా ఆయన వినేటట్టే అడిగాను.

"నడుపుడుకు దీనికి ఏం సంబంధమక్కా? పాతదైంది, వేడికి పోయింది."

దారంతా నా గుండె తేలిగ్గా ఉంది. ఇంటికెళ్లగానే ఈ మాట మా ఆయనే చెప్తాడనుకున్నాను. మామగారు అరుగు మీద నుంచే అడిగాడు, "ఏమైందంటరా?"

"ఏం లేదు నాయినా, చిన్న రిపేరు. ఇగ బండి నేనే నడుపుత."

"కాయిల్ పోయింది మామా, నా నడుపుడుతోని కాదు" అన్నాను. ఆయన నావైపు చూడకుండా కొడుకు ముందు చెయ్యి చాపాడు. కొడుకు తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

లోపలికొచ్చాక అడిగాను, "మెకానిక్ చెప్పింది నువ్వు ఇనలేదా?"

"ఇన్న. ముసలాయనతోని లొల్లి ఎందుకని."

"మరి నా సంగతి?"

"నువ్వు సమజ్ చేసుకుంటవ్ గదా."

రిటైరయ్యేదాకా మళ్లీ బస్సే. మామగారు పోయారు, ఆ కారూ అమ్మేశాం. ఈ మధ్య షుగరు మా ఆయన కళ్లకు చేరింది. కొత్త కారు కొని, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, "ఇగ నువ్వే నడుపాలె" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! వీధి మలుపు దాకా నడిపాను. ఎదురుగా సిమెంటు లారీ కనబడగానే బండి పక్కకు ఆపి దిగిపోయాను.

"మెల్లగ అదే వస్తది" అన్నాడాయన.

"రాదు" అన్నాను.

కాలం మనుషుల్ని మారుస్తుందంటారు, అబద్ధం కాదు. కాకపోతే అది ఒకరి మనసు మార్చేలోపు, ఆ మార్పు కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్ల వయసు తినేస్తుంది.