కింది మనిషి

మా ఇంట్లో గోడకున్న ఫొటోలన్నిట్లో మా చిన్నాయనే ఉంటాడు. నెత్తికి రుమాలు, నుదుటి నిండా పసుపు, మెడలో డోలు, వెనక అంతా ఆకాశం. ఆయన ఎవరి భుజాల మీద నిలబడ్డాడో ఆ మనిషి మాత్రం ఏ ఫొటోలోనూ పూర్తిగా లేడు. ఒకదాంట్లో చెవి పడింది, ఇంకోదాంట్లో సగం మీసం. ఆ చెవీ, ఆ మీసమూ మా నాయనవి.

యాలాల్ దగ్గర మా ఊరు. మాది గొర్లు కాసే వంశం, బీరప్ప మా కులదేవుడు. పండుగ నాడు పన్నెండు మంది మగవాళ్లు గజ్జెలు కట్టి, డోళ్లు మెడకు తగిలించుకుని, ఒక పక్క పుల్లతో, ఇంకో పక్క అరచేత్తో వాయిస్తూ గుడి ముందు గుండ్రంగా ఆడతారు. మొదట మెల్లగా, మంద మేతకు కదిలినట్టు. పోను పోను అడుగు కలుస్తుంది, చూసేవాళ్ల కాళ్లు కూడా ఊరుకోవు. ఆఖరున ఒకడు ఇంకొకడి భుజాలెక్కి నిలబడి, డోలు మీద మూడు దెబ్బలు వేసి, బీరప్ప పేరెత్తి కేక పెట్టాలి. ఆ మూడు దెబ్బలప్పుడే దేవుడు కళ్లు తెరిచి మమ్మల్ని చూస్తాడని మా నమ్మకం. అవి పడకపోతే ఆట దేవుడికి చేరనట్టే.

ముప్పై ఏళ్లు ఎక్కింది చిన్నాయన, మోసింది నాయన. ఆట అయ్యాక ఆడవాళ్లు చిన్నాయన కాళ్లకు నీళ్లు పోసి మొక్కేవారు. నాయన గుడి వెనక గొంగడి పరుచుకుని బీడీ వెలిగించేవాడు. అమ్మ ఆయన్ని తిడుతూనే భుజాలకు ఆముదం రాసేది. ఆముదం, చెమట, పసుపు కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఏడుపొస్తుంది. దాచుకోవడం ఎందుకు?

నేను మోయడం నేర్చుకోలేదు. చదువు, ఆ తర్వాత వికారాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, కూర్చుని తిన్నందుకు నా పొట్టే కొండైంది. పండుగకు రైల్లో తాండూరు దిగి, ఆటో పట్టుకుని వెళ్లి, ఆడేవాళ్ల వెనకాల ఉండి తప్పుటడుగులు వేసి వచ్చేవాణ్ణి.

నాలుగేళ్ల కింద, పండుగకు వారం ముందు నాయన ఫోన్ చేశాడు.

"ఈయేడు నేనెక్కుత. నువ్వు కిందుండు" అన్నాడు.

అరవై దాటిన మనిషి. నాకు కోపమొచ్చింది. గుడి ముందు మట్టి పోయి తాండూరు బండలు పరిచారని, పడితే నడుము మిగలదని కసిరాను. ఆయన అంతా విన్నాడు.

"ఇన్నేండ్లు ఆడిన గని, దేవుడు చూస్తున్నప్పుడు దేవుని మొకం చూడలే కొడుకా. తలకాయ వంచుకునుడే అయ్యింది. ఒక్కసారి చూడాలె" అన్నాడు.

సరేనన్నాను. వారం రోజులు బియ్యం బస్తా భుజానేసుకుని డాబా మీద తిరిగాను. మా ఆవిడ చూసి, "దుకాణం పెడ్తవా ఏంది?" అంది.

పండుగ నాడు ఆఖరి అడుగు కలిసింది. నేను కూర్చున్నాను. చిన్నాయన చెయ్యందించి నాయనను నా భుజాల మీదికి ఎక్కించాడు. ఒక పక్కకు తూలి, సర్దుకుని లేచాను. ఆ మూడు దెబ్బల కోసం డోళ్లన్నీ ఆగాయి.

దెబ్బ పడలేదు.

ఆయన కాలివేళ్లు నా మెడ పక్క కండను పట్టేశాయి. జనంలో గుసగుస మొదలైంది. కొట్టకుండా దింపితే ఆయన ఈ ఊళ్లో మళ్లీ తలెత్తుకుని తిరగడు. నాకు కనిపించేది బండలూ, వాటి మీద పడే నా చెమటా, అంతే.

"కొట్టు నాయినా, నేనున్న" అన్నాను. నా గొంతు మీద నాకే నమ్మకం కలగలేదు.

ఎంతసేపటికో ఒక దెబ్బ పడింది. తర్వాత రెండోది. మూడోది గట్టిగానే పడింది. కేక పీలగా వచ్చినా, మిగతా డోళ్లు ఒక్కసారిగా మోగి దాన్ని కప్పేశాయి. ఆట చేరిందని అందరూ మొక్కారు.

తర్వాత గుడి వెనక ముగ్గురం కూర్చున్నాం.

"దేవుని మొకం చూసినవా నాయినా?" అని అడిగాను.

"ఏడ చూస్త? కండ్లు మూసుకున్న" అన్నాడు. బీడీ వెలిగించి చిన్నాయన వైపు తిరిగాడు. "మీద గింత భయమైతదని ఒక్కనాడన్న చెప్పకపోతివి తమ్మీ."

చిన్నాయన మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. "నాకేం భయమన్నా? కింద నువ్వుంటివి గద."

నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే అక్కడే ఏడ్చేసేవాణ్ణి. ఆయన్ని భయపెట్టింది ఎత్తు కాదు, నేను.

మరుసటి ఆదివారం నుంచి నాయన దగ్గర మోయడం నేర్చుకోవడానికి తాండూరు రైలెక్కాను. ఇప్పుడు చిన్నాయన కొడుకు ఎక్కుతాడు, నేను మోస్తాను. అడుగు కదలకుండా నిలబడతానని ఊళ్లో పేరు కూడా వచ్చింది. పైనుంచి అన్నీ కనిపిస్తాయంటాడు వాడు. నాయన మాత్రం ఎక్కుతానని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.