పుట్టమ్మ ఓర్వలేనితనం

తిరుమణిలో ఎలుకలు రాలి చావడం మొదలవగానే ఊరంతా ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుంది. మైసూరు మహారాజుల కాలంలో ప్లేగు వస్తే అంతే. రైతు నారప్ప భార్య పుట్టమ్మ గుడిసె పక్కనే దూదేకుల హుసేనమ్మ గుడిసె పడింది.

పుట్టమ్మకు ఒక్కతే కూతురు, పదకొండేళ్ళ చిన్నక్క. బొంత కుట్టడం నేర్చుకుంటానని ఆ పిల్ల పొద్దున్నే హుసేనమ్మ దగ్గరికి పోయి, పొద్దు వాలాక వచ్చేది. ఇంట్లో పిలిచినా పలకని పిల్ల అక్కడ పకపకా నవ్వుతుంటే, ఇవతల రాగులు విసురుతున్న పుట్టమ్మకు కడుపు రగిలిపోయేది.

ఒకనాడు చిన్నక్క సంగటి ముద్దను పక్కకు నెట్టింది. "ఆకలి లేదమ్మా. హుసేనత్త రొట్టె పెట్టినాది. ఆయమ్మ నూరిన కారం ఎంత బాగుండాదో."

పుట్టమ్మ ఇక పట్టలేకపోయింది. "వాళ్ళు తురకోళ్ళు. వాళ్ళింట్లో తింటే మైల. ఇంకోసారి ఆ గడప తొక్కొద్దు."

ఆ మాట ఆమె నోటికే కొత్త. చిన్నప్పుడు తల్లి వెంట పీర్ల పండక్కి వెళ్ళి, ఫాతెహా చదివించి పంచిన చక్కెర చప్పరిస్తూ తిరిగొచ్చిన మనిషి. కుళ్ళుకుంటున్నానని చెప్పుకోలేక దొరికిన మాట అనేసింది. చిన్నక్క మాత్రం నమ్మింది.

మర్నాడు హుసేనమ్మ సగం కుట్టిన బొంత పట్టుకొచ్చింది. "ఏమ్మా, ఈ పొద్దు రాలేదే?" అంటూ నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాచింది. చిన్నక్క అడ్డం నిలబడింది.

"ముట్టొద్దు. మైలైతాది."

హుసేనమ్మ బొంత అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. పుట్టమ్మ కోరుకున్నదే జరిగింది. కూతురు రోజంతా తన కొంగు పట్టుకునే తిరిగింది. అయినా ఆమెకు అన్నం సహించలేదు. మూడోనాడు గొల్ల కాటమ్మ మజ్జిగ తెస్తే, చిన్నక్క ఆమె ఎదుటే అడిగింది. "ఈయమ్మ ముట్టిన మజ్జిగ తాగితే మైల గాదా?"

కాటమ్మ పుట్టమ్మ మొహంలోకి చూసింది. పుట్టమ్మ తల దించుకుంది.

ఆ సాయంత్రమే బొంత చంకన పెట్టుకుని, కూతుర్ని తీసుకుని పక్క గుడిసెకు నడిచింది.

"తప్పు నాది హుసేనమ్మా. పిల్లకు నేనే చెప్పినా. నీ దగ్గర నవ్వుతా ఉంటే ఓర్చుకోలేకపోయినా. రొట్టె ఉంటే పెట్టు."

హుసేనమ్మ బొంత అందుకుని లోపల పెట్టింది. తర్వాత రొట్టె విరిచి ఇద్దరి ముందూ పెట్టింది. తల్లి తినేదాకా చిన్నక్క చెయ్యి పెట్టలేదు.

ప్లేగు తగ్గి అందరూ ఊళ్ళోకి వచ్చాక కూడా చిన్నక్క హుసేనమ్మ ఇంటికి పోతూనే ఉంది. పుట్టమ్మ కుళ్ళు పూర్తిగా పోలేదు. ఏదో ఒక పని కల్పించుకుని తానూ వెనకాలే వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్యా కూర్చునేది.