జైనబీ పడవెక్కిన వారం

మస్కట్‌లో, ఘుబ్రా పేటలో, సల్మా మేడమ్ ఇంట్లో జైనబీ వంట చేయబట్టి పదిహేనేళ్లు దాటింది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. మొగుడు లారీ ప్రమాదంలో పోయాక కూతుర్ని అక్క దగ్గర వదిలి మస్కట్ విమానం ఎక్కింది. ఆ కూతురికి పెళ్లయి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. జైనబీకి యాభై దగ్గరపడ్డాయి. మోకాళ్లు కాస్త మూలుగుతాయి గానీ, నోరు మాత్రం పాతికేళ్ల నోరే.

ఒమన్ ఆమె చూడలేదని కాదు. నిజ్వా చూసింది, సూర్ చూసింది, సలాలా వానలు కూడా చూసింది. చూడ్డమంటే కారు వెనక సీట్లోంచి, ఒళ్లో బిర్యానీ గిన్నె పెట్టుకుని. ఎక్కడ ఆగినా అందరూ దిగి ఫొటోలు తీసుకుంటుంటే ఆమె చాప పరిచి పళ్లేలు సర్దేది. సలాలా జలపాతం ఎట్లుందని ఎవరైనా అడిగితే, "చానా బాగుండాది, సప్పుడు ఇన్నా" అనేది.

నిరుడు ఎండాకాలం మేడమ్ చిన్నకూతురు మదీహా, చదువైపోయిందని, వీపుకో సంచి తగిలించుకుని ఒక్కతే యూరప్ తిరిగొచ్చింది. పడవల్లో, రైళ్లలో తిరుగుతూ, ముక్కూమొహం తెలీని వాళ్లతో ఒకే గదిలో పడుకుంటూ. ఆ నెలంతా తల్లికి ముద్ద సరిగా దిగలేదు. పిల్ల మాత్రం ఎండకు కమిలి, బక్కచిక్కి, నవ్వుకుంటూ వచ్చింది. వచ్చినప్పట్నుంచీ వంటింటి గట్టు మీద కూర్చుని, సగం అరబ్బీలో సగం హిందీలో, జైనబీకి కథలే కథలు.

"ఒక్కదానివే పోతే భయం కాలేదా?" అనడిగింది జైనబీ ఉల్లిపాయలు తరుగుతూ.

"ఎందుక్కాలేదు? మొదటి రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. పొద్దున లేచేసరికి ఆకలేసింది. బయటికెళ్లి బ్రెడ్డు కొనుక్కుని నది గట్టున కూర్చుని తిన్నాను. ఇక మళ్లీ ఏడుపు రాలేదు."

ఏడుపు సంగతి జైనబీ అప్పుడే మర్చిపోయింది. ఆ బ్రెడ్డు మాత్రం మనసులో పడింది. ముందు ఎవరికీ వడ్డించకుండా, ఆకలేసినప్పుడు, నీళ్ల పక్కన కూర్చుని తినడం!

జనవరిలో మేడమ్ కుటుంబమంతా మక్కాకు, ఉమ్రా యాత్రకు బయల్దేరింది. జైనబీకి సెలవు దొరికింది. సెలవంటే ఎప్పుడూ రూవీలో సునీత రూమే. సునీతది అమలాపురం వైపు, ఒకప్పుడు పక్కింట్లో పనిచేసినప్పటి స్నేహం. ఈసారి ఆమెకు ఫోన్ చేసి, "నేను రాలేను గానీ, ఖసబ్ పోతాండా" అంది జైనబీ.

"ఖసబా? అదెక్కడక్కా? ఎవరితో?"

"ఉత్తరాన, దేశానికి కొసన. పడవలో పోవాల. ఎవరితో ఏంది, నాతో నేనే."

"నీకేమైనా గాలి సోకిందా ఏంటి? ఆ మోకాళ్లేసుకుని ఒక్కదానివీ ఎక్కడికెళ్తావు?"

"మోకాళ్లు గూడా వస్తాయిలేమ్మే, తోడు."

పడవ టికెట్, యాత్రికుల హాస్టల్లో మంచం మదీహానే బుక్ చేసి, తన సంచి కూడా ఇచ్చి వెళ్లింది. జైనబీ పొద్దున్నే, పడవ బయల్దేరే షినాస్ రేవుకు బస్సెక్కింది. ఎవరితో వచ్చావని పక్కసీటామె అడిగితే, మొగుడు షినాస్‌లో ఎదురుచూస్తున్నాడని చెప్పింది. రేవులో టికెట్లు చూసే కుర్రాడు అడిగితే, మేడమ్ ముందు పోయిందని చెప్పింది. ఎప్పుడో పోయిన మొగుణ్నీ, మక్కాలో ఉన్న మేడమ్‌నీ ఒకే పూటలో షినాస్‌కు రప్పించినందుకు ఆమెకే నవ్వొచ్చింది.

పడవలో కిటికీ పక్కన సీటు దొరికింది. కాసేపటికి వెనక సీట్లో ఉన్న ఒకావిడ పసిబిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "కొంచెం చూస్తుండు, పాలు కలుపుకొస్తా" అంది హిందీలో. ఆవిడను అనేదేముంది, జైనబీ చేతులు ఎవరూ చెప్పకుండానే చాచుకున్నాయి. బిడ్డ తల మోచేతి మడతలో సర్దింది, పాలొస్తే తాగించింది, జోకొట్టింది. తల్లి తన సీట్లో ఫోన్ చూసుకుంటోంది. కిటికీ అవతల సముద్రంలోంచి కొండలు లేస్తున్నాయని తెలుస్తూనే ఉంది గానీ, కదిలితే బిడ్డ లేస్తాడు. ఇంతలో డైపర్ల సంచి కూడా వచ్చి కాళ్ల దగ్గర చేరింది. ఆ సంచిని చూడగానే జైనబీకి తానెక్కడున్నదీ గుర్తొచ్చింది. లేచి, బిడ్డను మెల్లగా తల్లి ఒళ్లో పెట్టింది.

"ఏమైంది? మీ మేడమ్ పిలిచిందా?" అంది ఆవిడ.

"మేడమ్ లేదు, ఎవరూ లేరు. ఈ పొద్దు నాకు ఇజాజా, సెలవు. నేను కొండలు చూడ్డానికొచ్చినా."

ఆవిడ మొహం ఎర్రబడింది. "సారీ దీదీ, నేనేదో అనుకుని..."

"బిడ్డ బంగారం. బుజాన వేసుకుని తట్టు, తేన్పొస్తాది" అని చెప్పి జైనబీ పైకెక్కింది. గాలి మొహాన ఈడ్చి కొట్టింది. కడ్డీ పట్టుకుని ఖసబ్ వచ్చేదాకా అక్కడే నిలబడింది.

హాస్టల్లో రెండంతస్తుల మంచాలు. ఆమెది పైది. నిచ్చెనను చూసి "యా అల్లా" అంది. కింది మంచంలో ఉన్న పోలండ్ పిల్ల, మార్చుకుందామా అని సైగ చేసింది. మొహమాటానికి పోతే మోకాళ్లు పోతాయి, అందుకని జైనబీ రెండోమాట లేకుండా ఒప్పేసుకుంది. మదీహాలా తనకూ ఏడుపొస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది గానీ, వచ్చింది గురక. ఆ సంగతి పొద్దున ఆ పిల్లే చేసి చూపించింది.

ఇద్దరూ కలిసి చెక్కపడవలో కొండల నడుమకు వెళ్లారు. డాల్ఫిన్లు రావాలంటే చప్పట్లు కొట్టండి, ఈలలేయండి అన్నాడు పడవతను. చిన్నప్పుడు మేకలు కాసిన మనిషి జైనబీ. రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈలకు పడవంతా ఉలిక్కిపడింది. ఒకటి కాదు, నాలుగైదు వచ్చాయి, నూనెలో పూరీల్లా నిగనిగలాడుతూ. తర్వాత లైఫ్ జాకెట్ వేసుకుని, బట్టలతోనే నీళ్లలోకి దిగింది. పోలండ్ పిల్ల చెయ్యి ఒక్క క్షణం కూడా వదల్లేదు.

తిరిగి వెళ్లాల్సిన రోజు గాలి లేచింది. పడవలన్నీ ఆపేశారు. సరిగ్గా అప్పుడే మేడమ్ ఫోన్. వాళ్లు ఒక రోజు ముందే వచ్చేశారట, రేపు చుట్టాలు భోజనానికొస్తున్నారట.

"పడవల్లేవు మేడమ్. గాలి."

"మరి ఎప్పుడొస్తావు?"

"గాలి తగ్గినాక."

ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్లలో అలాంటి జవాబు ఎన్నడూ ఇవ్వలేదు. ఎదురుగా టీకొట్టులోకెళ్లి పరోటా చెప్పి, తనలో తాను తెలుగులో గొణుక్కుంది. తెలుగు చెవినబడి పక్కబల్ల మీదతను ఇటు తిరిగాడు. పేరు భూమయ్య, రోడ్డు సైట్లో పని. జైనబీ అతనికి చెక్కపడవ సంగతీ, డాల్ఫిన్ల సంగతీ చెప్పింది.

"మాది జగిత్యాల దిక్కు అక్కా. ఈడికచ్చి ఆరేండ్లాయె. గా పడవల మాత్రం ఎన్నడు ఎక్కలే. గవి తెల్లోళ్లకు గదా?"

"నేనేమన్నా తెల్లగుండానా?" అంది జైనబీ.

అతను టీ పొలమారేలా నవ్వాడు. తర్వాతి శుక్రవారం రూమ్ వాళ్లను వెంటేసుకుని పడవెక్కి, ఆమెకు ఫొటో పంపాడు కూడా.

ఇంటికొచ్చాక మేడమ్ రెండు రోజులు ముభావంగా ఉంది. చుట్టాలకు హోటల్నుంచి తెప్పించాల్సొచ్చిందని కినుక. మూడోనాడు వంటింట్లోకొచ్చి స్టూలు లాక్కుని, "ఏదీ, ఫొటోలు చూపించు" అంది. అన్నీ చూసి, "నేనెప్పుడూ ఒక్కదాన్నే ఎక్కడికీ పోలేదు జైనబీ. కూరగాయలకు కూడా డ్రైవరే" అంది. జైనబీ ఆమెకో కప్పు టీ పోసి, తనకూ పోసుకుని పక్కన కూర్చుంది.

ఈ చలికాలం జైనబీ మసీరా దీవికి పోయింది. సునీత కూడా వెంటబడింది. దారి పొడుగునా కిటికీ సీటు కోసం కొట్లాడుకుని, చివరికి దీవిలో దిగాక ఒప్పందానికొచ్చారు: పగలు ఎవరి తిరుగుడు వాళ్లది, సాయంత్రం చేపల కూర మాత్రం కలిసి.